మెల్బోర్న్‌లో ఉంటూ నేను చూసిన డేనియల్ ఆండ్రూస్

ఆస్ట్రేలియాలో ప్రధాని ఉండగా రాష్ట్ర ప్రీమియర్‌కి, అంటే మన ముఖ్యమంత్రి లాంటి మనిషికి, అంత ప్రాధాన్యం ఏముంటుందని ఒకరు నన్ను అడిగారు. నా అనుభవంలో మా రోజువారీ బతుకు మీద ప్రధాని కన్నా మెల్బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్ర ప్రీమియర్ ప్రభావమే ఎక్కువ. ఆసుపత్రులు, బడులు, పోలీసులు, రైళ్లు అన్నీ రాష్ట్రం చేతిలోనే ఉంటాయి.

2014 నుంచి 2023 దాకా ఆ పదవిలో ఉన్న డేనియల్ ఆండ్రూస్ లేబర్ పార్టీ ఆఫీసులో పనిచేసి పైకొచ్చిన మనిషి. 2002లో మెల్బోర్న్‌లోని మల్‌గ్రేవ్ నియోజకవర్గం నుంచి రాష్ట్ర శాసనసభకు గెలిచాడు, 2007 నుంచి ఆరోగ్య మంత్రిగా చేశాడు. 2010లో పార్టీ ఓడాక ప్రతిపక్ష నేత అయ్యాడు. 2014 చివర్లో ప్రీమియర్.

నేను 2015లో చదువుకోడానికి మెల్బోర్న్ శివారు క్లేటన్‌లో దిగాను. అక్కడ క్లేటన్ రోడ్డు మీద రైల్వే గేటు ఉండేది. పొద్దున గేటు పడిందంటే ఒక రైలు పోగానే ఇంకోటి వచ్చేది, లేచేదాకా బస్సులో కూర్చుని వాచీ చూసుకోవడమే. పెద్దాసుపత్రి ఆ రోడ్డు మీదే. ఒకరోజు గేటు ముందు ఆగిన అంబులెన్స్ లైట్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేదు. ఇలాంటి గేట్లు ఎనిమిదేళ్లలో 50 తీసేస్తానని ఆండ్రూస్ 2014 ఎన్నికల్లో మాటిచ్చాడు. 2018లో క్లేటన్ స్టేషన్, పట్టాలు రెండూ పైకెక్కాయి. గేటు లేదు! ఆ ఏడాదే భారీ మెజారిటీతో మళ్లీ గెలిచాడంటే నాకేం ఆశ్చర్యం కలగలేదు.

తర్వాత 2020, కరోనా. మెల్బోర్న్‌లో రెండో లాక్‌డౌన్ 112 రోజులు సాగింది. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు, రాత్రి ఎనిమిది తర్వాత కర్ఫ్యూ. మా పాప ఆ ఆగస్టులోనే పుట్టింది. బారసాల రోజు ఉయ్యాల పక్కన కుర్చీలో ల్యాప్‌టాప్ పెడితే అమ్మ హైదరాబాద్ నుంచి పాట పాడింది, మధ్యమధ్యలో నెట్ ఆగిపోతూ. ఇంటికి ఒక్క మనిషి కూడా వచ్చే వీల్లేదు. ఆండ్రూస్ మాత్రం వరసగా 120 రోజులు, ఒక్క ఆదివారం కూడా మానకుండా, విలేకరుల ముందుకొచ్చి అడిగిన ప్రతిదానికీ నిలబడి జవాబు చెప్పాడు. అక్టోబరు 26న కొత్త కేసులు సున్నా అన్నప్పుడు మేమిద్దరం ఏడ్చేశాం.

అలాగని తప్పుల్లేవనను. ఆ రెండో అల పుట్టిందే విదేశాల నుంచి వచ్చినవాళ్లను హోటళ్లలో విడిగా ఉంచే హోటల్ క్వారంటైన్ లోపాల వల్ల. వందలమంది పోయారు, ఎక్కువమంది వృద్ధాశ్రమాల్లోని పెద్దలు. ఆ క్వారంటైన్ హోటళ్లలో ప్రైవేటు సెక్యూరిటీని పెట్టాలన్న నిర్ణయం ఎవరిదో విచారణలో కూడా తేలలేదు. ప్రభుత్వాన్ని నడిపినవాడిగా ఆ బాధ్యత ఆయనదే అని నేను గట్టిగా నమ్ముతాను.

అయినా 2022లో మూడోసారి గెలిచి, 2023 సెప్టెంబరులో తనంతట తానే తప్పుకున్నాడు. మా ఇంట్లో ఆ వార్త విని నేను బాధపడ్డాను, మా ఆవిడ హమ్మయ్య అంది. బారసాల ఫొటోలు తీసినప్పుడల్లా మా ఇద్దరి మధ్యా ఆ వాదన ఇప్పటికీ మళ్లీ మొదలవుతుంది.