గాలి తగలని చోట దీపం

లాసన్స్‌బే కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

పావుగంట సేపు దీపాన్ని చూసి కళ్లు మూసుకోగానే నీలి చుక్క కనబడిందని, అది జ్యోతి దర్శనమేనా అని అడిగావు. కాదమ్మా. వెలుగును రెప్పవేయకుండా చూసి అలసిన కంటిలో కాసేపు నిలిచే ముద్ర అది. బల్బును చూసినా కనబడుతుంది. ఇలా రెప్పవేయకుండా ఒకేచోట చూడటాన్ని త్రాటకం అంటారు. దాన్ని కన్నీరు వచ్చేవరకు చేయాలని హఠయోగ ప్రదీపిక అనే యోగ గ్రంథంలో చదివి, చెప్పేవారెవరూ లేకుండానే ఇరవై ఏళ్ల వయసులో ప్రయత్నించి, రెండు రోజులు తలనొప్పితో పడుకున్నాను. నీవు రెండు మూడు నిమిషాలు మించవద్దు.

భగవద్గీత 6వ అధ్యాయం 19వ శ్లోకం యోగి చిత్తాన్ని గాలి తగలని చోట కదలని దీపంతో పోల్చింది. సముద్రపు గాలి వీచే మన ఊళ్లో సాయంత్రం అలాంటి చోటు దొరకడం కష్టం. కిటికీలు మూసి ఫ్యాను ఆపితే ఉక్కపోత. అందుకే తెల్లవారుజామున కూర్చో. ప్రమిదలో నువ్వులనూనె పోసి, రెండు వత్తులు కలిపి ఒకటిగా వేసి, చూపుకు సమానమైన ఎత్తులో పెట్టుకో.

తరువాత కళ్లు మూసుకొని, ఆ చుక్క దానంతట అది కరిగిపోయేదాకా ఆగి, గుడిలో హారతి తరువాత వినే మంత్రపుష్పంలోని నారాయణ సూక్తాన్ని తలచుకో. తలకిందులైన తామరమొగ్గలాంటి హృదయంలో ఒక అగ్నిశిఖ ఉన్నదనీ, అది నల్లమబ్బు నడుమ మెరుపుతీగలా వెలుగుతూ, నివ్వరి అనే అడవి వరిగింజ ముల్లంత సన్నగా, పసుపువన్నెతో ఉంటుందనీ, ఆ శిఖ మధ్యలోనే పరమాత్మ ఉన్నాడనీ అది చెబుతుంది. వేయి సూర్యుల కాంతితో పోల్చిన విశ్వరూపాన్ని చూసిన అర్జునుడే భయపడి మునుపటి రూపాన్ని చూపమని వేడుకున్నాడు కదా. మనలాంటి వాళ్లకు ఆ ముల్లంత వెలుగే తగినదని నా అభిప్రాయం. అది కంటికి కనబడాలని పట్టుబట్టకు. ఉన్నదని తలచుకుంటూ, మనసు జారినప్పుడల్లా విసుక్కోకుండా శ్వాసతో పాటు అక్కడికే తీసుకురా. కొన్నాళ్లు ఏమీ జరగనట్లే ఉంటుంది, మానకు.

లేచేటప్పుడు దీపాన్ని నోటితో ఊదకుండా పువ్వుతో కొండెక్కించు.

ఇట్లు,
మావయ్య