తీర్పు దగ్గర ఆపేశావేం?

చిరంజీవికి ఆశీస్సులు.

ఉగ్రవాద దాడిలో అన్నను పోగొట్టుకున్న చెల్లెలు అమెరికా కోర్టులో ఇరాన్ మీద దావా వేసే నీ కథ చదివాను. ఆ చెల్లెలు అన్న చొక్కాలు ఎవరికీ ఇవ్వకుండా దాచుకోవడం బాగా రాశావు. కోర్టు సీను దగ్గర మాత్రం ఒళ్లు మండింది. వాషింగ్టన్ కోర్టులో ఇరాన్ లాయరు బల్ల గుద్ది వాదిస్తాడా? ఇలాంటి దావాలకు ఇరాన్ సాధారణంగా రానే రాదు. అవతలి బల్ల ఖాళీ. అయినా జడ్జి ఊరికే తీర్పివ్వకూడదు, సాక్ష్యం చూసి తీరాలి. అంటే అన్న ఎలా పోయాడో ఆ పిల్ల ఎవరూ లేని బల్ల ముందు చెప్పాలి. ఇంత సీను చేతిలో పెట్టుకుని అరుపులు రాశావు!

ఇంకోటి. నీ లాయరు 2000లోనే ‘ఏ దేశం మీదైనా దావా వేయొచ్చు’ అంటాడు. 1996లో అమెరికా చట్టం తెరిచిన దారి అమెరికా విదేశాంగ శాఖ ఉగ్రవాద పోషకులని జాబితాకెక్కించిన దేశాల మీదికే. సౌదీ అందులో లేదు. సౌదీ మీద దావా వేయాలనుకున్న సెప్టెంబర్ 11 దాడి బాధిత కుటుంబాల కోసం 2016లో కొత్త చట్టం తేవాల్సి వచ్చింది, అదీ ఒబామా వీటోను కాంగ్రెస్ తోసిపుచ్చాక.

అసలు కోపం ముగింపు మీద. ‘న్యాయం గెలిచింది’ అని ఆపేశావు. కథ మొదలయ్యేది అక్కడే కదయ్యా! తీర్పు కాగితం చేతికొచ్చాక డబ్బెవరిస్తారు? 1997 జెరూసలేం బాంబు దాడి బాధితులకు ఇరాన్ మీద 7.15 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది. వసూలుకి దారిలేక, షికాగో యూనివర్సిటీకి ఇరాన్ అరువిచ్చిన మట్టి పలకలను, అంటే ప్రాచీన పర్షియా రాజధాని పర్సెపోలిస్‌లో దొరికినవాటిని, జప్తు చేయమన్నారు. కుదరదని 2018లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. కొడుకు గాయాలకు బదులు రెండున్నర వేల ఏళ్ల నాటి జమాఖర్చుల పలకలు అడగాల్సి వచ్చిన తల్లిని ఊహించు. నాకు ఆవిడ కథ కావాలి.

నేనూ ఒకప్పుడు నష్టపరిహారం మీద కథ రాశాను. ఒక సంపాదకుడు డబ్బు లెక్కలన్నీ కొట్టేసి, ‘పాఠకులకు కన్నీళ్లు కావాలండీ’ అని తిప్పి పంపాడు. నేను ఒప్పుకోలేదు, కథ ఏళ్లతరబడి సంచిలోనే ఉంది. ఆ సంపాదకుల జాతి ఇంకా అంతరించలేదు, వాళ్లకి దుఃఖం ఎప్పుడూ బ్యాంకు ఖాతా లేకుండానే ఉండాలి.

పోటీకి పంపాలా, కలంపేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు చివర్లో ఒకేసారి వచ్చిపడే ఆ చెక్కు తీసెయ్. 1988లో స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద బాంబుతో పేల్చేసిన విమానం బాధితులకు లిబియా 2003లో ఒప్పుకున్నది కుటుంబానికి కోటి డాలర్ల దాకా. అదీ మూడు విడతలు: ఐక్యరాజ్యసమితి ఆంక్షలు ఎత్తేస్తే ఒకటి, అమెరికావి ఎత్తేస్తే ఇంకోటి, ఉగ్రవాద పోషకుల జాబితాలోంచి లిబియా పేరు తీస్తే మిగిలింది. నీ కథలోని చెల్లెలి చేత కూడా ఆ వార్తల కోసం రోజూ పేపరు వెతికించు.