వాన ఏం చేసిందో రాయి

నాయనా,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. లండన్‌లో ఈస్ట్ డల్విచ్ స్టేషన్‌లో దిగి, ముసురులో నడుచుకుంటూ ఛాంపియన్ హిల్ మైదానానికి వెళ్లి, డల్విచ్ హామ్లెట్ అనే క్లబ్బు వాళ్ల ఫుట్‌బాల్ ఆట చూశానన్నావు. ఆరు పేజీల్లో నాలుగు పేజీలు వానే కురిసింది. ఆకాశం ఏడ్చింది, నీ మనసు తడిసింది, అమ్మ గుర్తొచ్చింది. ఎవరు గెలిచారో మాత్రం ఎక్కడా లేదు.

నీ బెంగ అబద్ధమని అనను. శనివారం మధ్యాహ్నం గదిలో ఒక్కడివే కూర్చోలేక బయటపడ్డానన్నావే, ఆ వాక్యం అలాగే ఉంచు. బాగుంది. మిగతా నాలుగు పేజీలూ కాసేపు పక్కన పెట్టు.

ఆ మైదానం నేనూ చూశాను. మా అమ్మాయి దగ్గరికి వెళ్లిన ఏడు నవంబరులో అల్లుడు తీసుకెళ్లాడు. ఆ రోజూ వానే. ఆట మూడింటికి. చాలా ముందుగానే రిఫరీ, నేల ఆటకు పనికొస్తుందో లేదో చూడ్డానికి, మైదానంలోకి నడిచి బంతిని నడుమెత్తు నుంచి వదిలాడు. మధ్యలో ఎగిరింది. గోల్ ముందు వదిలితే చప్పున అతుక్కుపోయింది. అక్కడ ఒక పెద్దాయన పళ్లున్న పారతో నేలలో గుచ్చి, కాస్త కదిలించి, తీసి, మళ్లీ పక్కన గుచ్చుతున్నాడు, నిలిచిన నీళ్లు ఇంకాలని. ఆయనకు జీతం లేదని అల్లుడు చెప్పాడు. రిఫరీ కాసేపు ఆగి మళ్లీ వదిలాడు. ఈసారి బంతి మోకాలి దాకా లేచింది. రైలింగ్ దగ్గర చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆట ఇంకా మొదలే కాలేదు!

ఆ చప్పట్లు ఎందుకో తెలిస్తేనే నీ వాన కాగితం మీద నిలబడుతుంది. ఇంగ్లండ్‌ ఫుట్‌బాల్‌లో పై నాలుగు అంచెల లీగుల కింద ఉన్నవాటన్నిటినీ నాన్ లీగ్ అంటారు. టీవీ వాళ్ల కోట్లు అక్కడిదాకా దిగవు. గేటు దగ్గర టికెట్టు, టీ కొట్టు, బార్, వీటి మీదే చాలా క్లబ్బులు నెట్టుకొస్తాయి. వానకు ఆట రద్దయితే ఏ మంగళవారం రాత్రో మళ్లీ పెట్టుకోవాలి. శనివారం వచ్చే జనం అప్పుడు రారు. ఆడేవాళ్లలో చాలామందికి వారమంతా వేరే ఉద్యోగం. పని దిగి, తిన్నగా మైదానానికి రావాలి. ఆ పెద్దాయన పారతో గుచ్చింది ఇదంతా తెలిసే.

నీ వయసులో నేనూ ఇదే తప్పు చేశాను. బుడమేరు పొంగిన ఏడు కథ రాసి మా మేనత్తకు చదివి వినిపించాను. నీళ్లు, చీకటి, దుఃఖం, అన్నీ ఉన్నాయి. ఆవిడ ఓపిగ్గా ఆఖరిదాకా విని, ‘ఇంతకీ గేదెల్ని ఎక్కడ కట్టేశార్రా?’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ కథను మళ్లీ రాయడానికి రెండు నెలలు పట్టింది. రోడ్డు కట్ట మీద గేదెల్ని ఎవరు తోలారో, గడ్డి ఎక్కడిదో, పాలు ఎవరికి పోశారో కనుక్కుని రాశాక, దుఃఖం గురించి ఒక్క మాటా రాయక్కర్లేకపోయింది.

అందుకే దగ్గరికి వెళ్లి చూడమంటాను. అక్కడ అదే సౌకర్యం. టచ్‌లైన్, అంటే మైదానం పక్క గీత, చేతికందే దూరంలో ఉంటుంది. లైన్స్‌మన్ పరిగెత్తితే బూటు కింద నీళ్లు చిమ్మి నీ ప్యాంటు మీద పడతాయి. ఆ రైలింగ్ ఇనుప గొట్టం అడుగున చినుకులు వరసగా వేలాడుతూ ఉండటం నేను చాలాసేపు చూశాను. ఎవరైనా మోచేయి ఆనిస్తే నాలుగైదు ఒక్కసారే రాలతాయి. గోల్ దాకా వెళ్లిన బంతి తప్పిపోయినప్పుడు అంతమందీ ఒక్కసారి గొట్టాన్ని కొట్టారు. ఆ వరస మొత్తం రాలిపోయింది. నాకు ఆ ఆట అంటే ఇప్పటికీ అదే గుర్తు. సగం ఆటయ్యాక తమ జట్టు ఎటు గోల్ కొట్టాలో అటువైపుకి జనమంతా తడుస్తూ నడిచి వెళ్లడం నువ్వూ చూసే ఉంటావు. ఒక్క మాటైనా రాయలేదేం?

పేర్లు కూడా కనుక్కో. స్టేషన్ నుంచి మైదానానికి వెళ్లే తోవలో ఎడ్గర్ కెయిల్ వే అన్న బోర్డు ఉంటుంది. ఆయన ఆ క్లబ్బుకే 400కు పైగా గోల్స్ కొట్టాడు. అక్కడ ఆడుతూనే 1929లో ఇంగ్లండ్ జట్టుకు మూడు ఆటలు ఆడాడు. ఆయన్ని కళ్లారా చూడనివాళ్లు ఇవాళ్టికీ ఆయన మీద పాట పాడతారు. 1972లో హియర్‌ఫర్డ్ అనే నాన్ లీగ్ జట్టు, చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే ఎఫ్ఏ కప్ పోటీలో, పై అంచె జట్టు న్యూకాజిల్‌ని ఓడించింది. ఆ ఆట వానలకు వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి బురదలోనే జరిగింది. రానీ రాడ్‌ఫర్డ్ దూరం నుంచి కొట్టిన గోల్ ఆ బురదతో కలిసే జనానికి గుర్తుండిపోయింది.

ఇల్లు గుర్తొచ్చిందన్నావు కదా. దానికి నీకు దగ్గర్లోనే ఒక దారి ఉంది. నువ్వుంటున్న ఈస్ట్ హామ్‌కి ఇల్ఫర్డ్ ఎంతో దూరం లేదు. 1948 జులై 31న ఒలింపిక్స్‌లో మనవాళ్లు అక్కడే ఫ్రాన్స్‌తో ఆడారు, చాలామంది వట్టి కాళ్లతోనే. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2-1తో ఓడారు. నాలుగేళ్ల తర్వాత హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినప్పుడు కోచ్ మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. బూట్లు తప్పనిసరి అయ్యింది ఆ తర్వాతే. ఆ గడ్డి మీద ఆ వట్టి కాళ్లు ఎలా నిలదొక్కుకున్నాయో ఒక్కసారి ఊహించుకుంటూ ఇల్ఫర్డ్ వీధుల్లో నడిచి రా. అమ్మ మీది బెంగకు అక్కడ ఎక్కువ చోటుంది.

వచ్చే శనివారం మళ్లీ ఛాంపియన్ హిల్‌కి వెళ్లు. నోటుబుక్కు తడుస్తుంది, పెన్సిల్ పట్టుకెళ్లు. ఈసారి విజిల్ అయిపోగానే స్టేషన్ వైపు పరిగెత్తకు. అందరూ వెళ్లేదాకా ఉండు. కార్నర్ జెండాలు ఎవరు పీకారో, వాటిని ఏ గదిలో ఆరబెట్టారో నాకు రాయి. ఆట ఎంతకు ఎంతో కూడా.

ఆశీస్సులతో,
మాస్టారు