మతిమరుపు మనిషికి మలం ఆగకపోతే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే బాధ మీద వచ్చాయి. పక్కింటివాళ్ళతో చెప్పుకోలేనిది, డాక్టరు ముందు కూడా సగం మింగేసేది. పేర్లు వెయ్యవద్దని కోరారు, వెయ్యడం లేదు. ఊళ్ళు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా ఆయనకు 71 ఏళ్ళు. నాలుగేళ్ళుగా అల్జీమర్స్. పది రోజులుగా రోజుకు అయిదారు సార్లు నీళ్ళలా పంచెలోనే పోతోంది. మందుల షాపులో విరేచనాలు కట్టే మాత్ర ఇచ్చారు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. పొట్ట ఉబ్బింది, అన్నం వద్దంటున్నారు. జబ్బు ముదిరిపోయిందంటారా?
*ఒక గృహిణి, ఆమదాలవలస*

జవాబు: ముందు ఆ మాత్ర ఆపి, రేపే డాక్టరుకు చూపించండి. జబ్బు ముదిరితే మలం మీద పట్టు పోతుంది, నిజమే. కానీ అది నెలల మీద నెమ్మదిగా వచ్చే మార్పు. పది రోజుల్లో వచ్చిపడిందంటే వేరే కారణం వెతకాలి. పొట్ట ఉబ్బడం, అన్నం వద్దనడం, నీళ్ళలా కొంచెం కొంచెంగా పోవడం కలిసి కనబడితే మా అనుమానం విరేచనాల మీద కాదు, మలబద్ధకం మీద.

జరిగేది ఇది. మలం గట్టిపడి పేగు చివర ముద్దలా అడ్డం పడుతుంది. పంట కాలవలో బండ పడితే నీళ్ళు పక్కల నుంచి పారినట్టు, పైనుంచి వచ్చే పలచటి మలం ముద్ద చుట్టూ జారి బయటపడుతుంది. ముద్ద ఒత్తిడికి మలద్వారం కండరం సాగి వదులైపోతుంది కాబట్టి ఆయనకు వస్తున్నట్టే తెలియదు. లోపెరమైడ్ లాంటి మాత్రలు పేగు కదలికను తగ్గిస్తాయి. అంటే బండకు ఇంకో బండ తోడైనట్టే.

ఒకటి గుర్తు చేసుకోండి: ఈ నీళ్ళ విరేచనం మొదలయ్యే ముందు మూడు నాలుగు రోజులు దొడ్డికి వెళ్ళలేదా? వెళ్ళినప్పుడు మేకపెంటికల్లా వచ్చిందా? అవునంటే డాక్టరుకు మొట్టమొదట చెప్పాల్సిన మాట అదే. వేలితో లోపల పరీక్ష చెయ్యమని మీరే అడగండి. రెండు నిమిషాల పని, ముద్ద ఉంటే చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. పెద్ద వయసు మగవాళ్ళ దగ్గర మొహమాటంతో ఈ పరీక్ష వదిలేసి చీటీ రాసిచ్చేవాళ్ళు లేకపోలేదు. ముద్ద ఉంటే ఎనీమాతోనో, పేగును కడిగే పొడి మందుతోనో, నర్సు చేత్తోనో తీయిస్తారు. ఇంట్లో మీరు వేలు పెట్టి తియ్యవద్దు. లోపలి పొర చిరిగి రక్తం పడుతుంది, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు నాడి పడిపోవచ్చు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల రేకులన్నీ సంచిలో వేసుకెళ్ళండి. ఐరన్, కాల్షియం మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, రాత్రి నిద్రకని ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, ఇవన్నీ మలాన్ని గట్టిపరుస్తాయి. చివరి రెండూ మతిమరుపును కూడా పెంచుతాయి. దీనికి ఎదురు, మతిమరుపుకే ఇచ్చే డొనెపెజిల్, రివాస్టిగ్‌మిన్, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి నిజమైన విరేచనాలే తెస్తాయి. మోతాదు పెంచిన వారంలోనే మొదలైతే ఆ తేదీ చెప్పండి. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి, షాపులో ఇచ్చిన ఆ మాత్ర తప్ప.

ముద్ద పోయాక పని అయిపోలేదు. సాధారణంగా మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ రోజుకు 15 నుంచి 30 మి.లీ. రాస్తారు. అది పనిచెయ్యడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, మొదట్లో గ్యాసు ఉంటుంది. ఉదయం తాగించి సాయంత్రానికి ఫలితం లేదని రెట్టింపు చేస్తారు చాలామంది, మూడో రోజున ఇల్లంతా కడుక్కుంటారు. ఇసబ్‌గోల్ పొట్టు మంచిదేనని ఎవరైనా చెబితే జాగ్రత్త. దాని వెనక పెద్ద గ్లాసు నీళ్ళు తాగలేని మనిషికి, మింగడంలో పొలమారే మనిషికి అది గొంతులోనో పేగులోనో అడ్డం పడుతుంది.

పొట్ట రాయిలా బిగిసి వాంతులవుతున్నా, గ్యాసు కూడా పోకపోయినా, మలంలో రక్తం పడినా, జ్వరం, మగత ఉన్నా రేపటిదాకా ఆగవద్దు, 108కి ఫోన్ చెయ్యండి. కాళ్ళు ఉన్నట్టుండి పట్టు తప్పి, మూత్రం బిగిసి, మలం ఆగకపోతే అది వెన్నుపూస సంగతి కావచ్చు. అదీ ఆ రోజే చూడాలి.

ప్రశ్న: మా ఆవిడకు 64. మతిమరుపుతో పాటు కిడ్నీ జబ్బు కూడా ఉంది. మలబద్ధకమని చుట్టాలంతా రోజూ కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు, మూడు లీటర్ల నీళ్ళు అంటున్నారు. ఇవ్వనా?
*ఒక రైతు, సోంపేట మండలం*

జవాబు: కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో ఈ సలహా ఆలోచించకుండా ఇవ్వకూడదు. కొబ్బరినీళ్ళలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. నీళ్ళు కూడా కిడ్నీ డాక్టరు చెప్పిన కొలతే, కాళ్ళ వాపు ఉంటే మరీను. చోడంబలి (రాగి అంబలి)లోనూ పొటాషియం, ఫాస్ఫరస్ ఉన్నాయి కాబట్టి ఎంతన్నది అడిగి పొయ్యండి. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, క్యాబేజీ ముక్కలు కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండితే పొటాషియం తగ్గుతుంది, పీచు మిగులుతుంది.

మందుల్లో రెండింటికి దూరం: మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, ఫాస్ఫేట్ ఎనీమా. షాపులో చీటీ లేకుండానే దొరుకుతాయి, కిడ్నీ రోగికి రెండూ ప్రమాదం. లాక్టులోజ్ సాధారణంగా ఫర్వాలేదు. ఎనీమా ఇచ్చే చోట మీరు అడగకముందే “కిడ్నీ జబ్బు ఉందండీ” అని చెప్పెయ్యండి.

ప్రశ్న: మరుగుదొడ్డి పెరట్లో ఉంది. మా ఆయన అక్కడికి వెళ్ళడం మానేసి హాల్లో బియ్యం డ్రమ్ము వెనక కూర్చుంటున్నారు. పాడైన బనీన్లు, చెడ్డీలు ట్రంకుపెట్టెలో దాస్తున్నారు. కోప్పడితే కొట్టొస్తున్నారు. మొండితనమా?
*ఒక రిటైర్డ్ టీచరు, బొబ్బిలి*

జవాబు: మొండితనం కాదు. ఒత్తిడి తెలుస్తోంది, చోటు గుర్తురావడం లేదు. నలుగురికీ కనబడని మూల వెతుక్కుంటున్నారంటే సిగ్గు ఇంకా మిగిలి ఉందన్నమాట. బట్టలు దాచడమూ అందుకే. ట్రంకుపెట్టె పక్కన మూత ఉన్న బకెట్టు పెట్టండి, అందులో వెయ్యడం అలవాటవుతుంది. దొరికినవి ఏమీ అనకుండా తీసెయ్యండి.

ఒక వారం గోడ క్యాలెండరు మీద రాయండి: ఏ వేళకు అయింది, గట్టిగానా పలచగానా, దానికి ముందు ఏం తిన్నారు, ఏ మాత్ర వేశారు. ఏడు రోజులకు ఏదో ఒక వేళ బయటపడుతుంది. ఎక్కువమందిలో అది పొద్దున్న టిఫిను తర్వాతే, ఎందుకంటే పొట్టలో తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది. లేవగానే గోరువెచ్చని నీళ్ళు ఒక గ్లాసు, తర్వాత కాఫీ టిఫిను, అవి అయిన 20, 30 నిమిషాలకు కూర్చోబెట్టడం. పది నిమిషాలు చాలు. రాకపోతే లేపేసి, మళ్ళీ భోజనం తర్వాత. “వస్తోందా?” అని అడిగితే లేదనే అంటారు. అడగకండి, “రండి, కాళ్ళు కడుక్కుందాం” అని చెయ్యి పట్టుకుని నడవండి. వేళ కాకపోయినా పంచె లాక్కోవడం, ఒకచోట నిలవకుండా తిరగడం, పొట్ట పట్టుకోవడం కనబడితే అదే పిలుపు.

పెరటి దొడ్డికి రాత్రంతా బల్బు వెలగనివ్వండి, తలుపు తీసే ఉంచండి, లోపలి గడియ పీకెయ్యండి. గుమ్మంలో నల్ల పట్టా వెయ్యవద్దు, వీళ్ళ కంటికి అది గొయ్యిలా కనబడి అడుగు వెయ్యరు. తెల్ల టైల్స్ మీద తెల్ల బేసిన్ కంటికి ఆనదు, ముదురు రంగు సీటు బిగిస్తే ఆనుతుంది. జన్మంతా గొంతుకూర్చున్న మనిషి మోకాళ్ళు సహకరిస్తే అలాగే కూర్చోనివ్వండి, పక్కన గోడకు ఇనుప కడ్డీ బిగిస్తే చాలు. లేకపోతే సర్జికల్ షాపుల్లో దొరికే కమోడు కుర్చీ. పాదాలు నేలకు ఆనాలి, వాటి కింద జానెడు కన్నా తక్కువ ఎత్తు పీట వేస్తే మోకాళ్ళు నడుం కన్నా పైకి వచ్చి తేలికగా దిగుతుంది.

మీ ఇంటి విషయంలో ఆ కమోడు కుర్చీని పెరట్లో పెట్టకండి. బియ్యం డ్రమ్ము తీసేసి సరిగ్గా ఆ మూలే పెట్టి, ముందు కర్టెన్ కట్టండి. ఆయన ఎంచుకున్న చోటుకు మనం వెళ్ళడం తేలిక. హాల్లో ఏమిటని వచ్చినవాళ్ళు అనుకుంటే అనుకోనివ్వండి.

ఇక బట్టలు. ఆయనది పొందూరు ఖద్దరు గోచీ పంచె అలవాటైతే అది విప్పేలోపే అయిపోతుంది. పాత పంచెకే నడుం దగ్గర ఎలాస్టిక్ వేసి లుంగీలా కుట్టించండి. కట్టుకున్నట్టే ఉంటుంది, ఒక్క లాగుతో దిగుతుంది. హుక్కులు, జిప్పులు, బొందులు ఏవీ వద్దు.

ప్రశ్న: భార్యను కడగబోతే గిల్లుతోంది, “ఎవడ్రా నువ్వు” అంటోంది. పిరుదుల దగ్గర ఎర్రగా కమిలింది. డైపరు మార్చడమే యుద్ధంలా ఉంది.
*ఒక విశ్రాంత ఉద్యోగి, గజపతినగరం*

జవాబు: ఆమె లెక్కలో ఎవరో పరాయి మగాడు చీర లాగుతున్నాడు. గిల్లక ఏం చేస్తుంది? మీ మీద కోపం కాదది. వెనక నుంచి వెళ్ళకండి. ఎదురుగా వచ్చి, పేరు పెట్టి పిలిచి, “నీళ్ళు కాగాయి, రా” అనండి. మలం మాట ఎత్తకండి. ఒళ్ళో పెద్ద తువ్వాలు కప్పి, దాని కిందే పని చెయ్యండి. చేతికి ఒక దువ్వెనో రుమాలో ఇస్తే చేతులు ఊరుకుంటాయి. ప్రతి అడుగూ ముందే చెప్పండి: ఇప్పుడు నీళ్ళు పోస్తున్నా, ఇప్పుడు తుడుస్తున్నా. మరీ ఎదురుతిరిగితే పది నిమిషాలు ఆగి మళ్ళీ వెళ్ళండి. ఆ పది నిమిషాల్లో చర్మానికి ఏమీ కాదు, రెండు గంటలు వదిలేస్తే అవుతుంది.

కడిగే దిశ ముఖ్యం. ఆడవాళ్ళకు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి, లేకపోతే మలంలోని క్రిములు మూత్రనాళంలోకి వెళ్తాయి. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం మెత్తని సబ్బు. డెట్టాల్ వద్దు, కమిలిన చర్మాన్ని ఇంకా మండిస్తుంది. రుద్దకుండా మెత్తని నేత గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా రాయండి. పౌడరు తడికి ఉండకట్టి ఒరుస్తుంది. వాజిలిన్ దట్టంగా పూస్తే డైపరుకు అంటుకుని అది తడి పీల్చడం మానేస్తుంది. ఎరుపు చుట్టూ చిన్న చిన్న పొక్కులు చెదిరినట్టు ఉంటే ఫంగస్ కావచ్చు, చూపించండి. చర్మం ఊడితే అది పడక పుండుకు మొదలు. రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి.

డైపరు కొనేముందు నడుం, తుంటి రెండూ కొలిచి, ఏది ఎక్కువైతే ఆ సైజు తీసుకోండి. పెద్దదైతే బాగా ఆపుతుందనుకోవద్దు, తొడల దగ్గర సందు నుంచి కారేది దాన్నుంచే. నడిచే మనిషికి ప్యాంటు రకం, మంచం మీద ఉన్నవాళ్ళకు అంటింపుల రకం. మలమైతే వెంటనే మార్చాలి, “నిండలేదు కదా” అని చూడకూడదు. పగలు వేళకు కూర్చోబెట్టడం కుదురుతున్నంతకాలం డైపరును రాత్రికి, ప్రయాణానికే ఉంచుకోండి, ఖర్చూ తగ్గుతుంది, చర్మమూ బాగుంటుంది.

మంచం మీద మార్చేటప్పుడు ఎత్తకండి, మీ నడుం పోతుంది. అటువైపు మోకాలు మడిచి, భుజం, తుంటి పట్టుకుని మీ వైపు దొర్లించండి. పాడైన దుప్పటిని వీపు వెంట చుట్ట చుట్టి, శుభ్రం చేసి, కొత్తదాన్ని పక్కనే సగం చుట్టగా పరిచి, ఆ చుట్టల మీదుగా రెండోవైపు దొర్లించి, పాతది లాగేసి కొత్తది విప్పండి. పరుపు మీద రెక్సిన్, దాని మీద నాలుగు మడతల పాత నేత చీర ఉంటే రోజుకు ఎన్నిసార్లయినా మడత మాత్రమే మారుస్తారు.

పాడైన గుడ్డల్లోని మలాన్ని ముందు మరుగుదొడ్లో దులిపి, చన్నీళ్ళలో జాడించాకే వేణ్ణీళ్ళు, సబ్బు. ముందే వేడినీళ్ళు పోస్తే మరక పట్టేస్తుంది. నేల మీద బ్లీచింగు నీళ్ళు వాడేరోజు యాసిడ్ ముట్టుకోవద్దు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. డైపర్లు పాత పేపర్లో చుట్టి చెత్త బండికి విడిగా ఇవ్వండి, మరుగుదొడ్లో వేస్తే గొట్టం పూడుతుంది.

ప్రశ్న: మలాన్ని గోడకు పూస్తున్నారు. ఏం చెయ్యాలి?
*చీపురుపల్లి*

జవాబు: చాలాసార్లు అది లోపల గట్టిగా ఉన్నదాన్ని వేలితో తీసుకోబోయి, చేతికి అంటినదాన్ని ఎక్కడో తుడిచేద్దామని చేసే పని. మొదటి జవాబులోని పరీక్ష వీరికీ చేయించండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. డైపరు మీద వెనక వైపు బొత్తాలున్న లాగు వేస్తే చెయ్యి చేరదు. అయింది అనగానే కడిగేస్తే సగం సార్లు గోడదాకా రాదు. ఇంట్లో మీరొక్కరే అయితే, రాత్రిళ్ళు మనసు ఉండబట్టకపోతే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు, వృద్ధుల సాయం గురించి 14567కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.