హూజియర్ వ్యాసం పంపిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రం వాళ్లను హూజియర్లని ఎందుకంటారో రాసిన నీ వ్యాసం చదివాను. "కొందరంటారు", "మరికొందరంటారు", "ఇంకో కథనం ప్రకారం"... ఎవరమ్మా ఆ కొందరు?

తలుపు తడితే లోపల్నించి "హూజ్ హియర్?" (ఎవరక్కడ?) అని అరిచేవాళ్లట, అదే హూజియర్ అయిందట. సారాకొట్టులో కొట్లాట అయ్యాక నేలమీద తెగిపడిన చెవి చూసి "హూజ్ ఇయర్?" (ఎవరి చెవి?) అన్నారట. ఈ చెవి కథ జేమ్స్ విట్‌కంబ్ రైలీ అనే ఇండియానా కవి నవ్వించడానికి చెప్పింది. నువ్వు ఆయన పేరు తీసేశావు, జోకు కాస్తా చరిత్రై కూర్చుంది. ఏ మాటైనా ఎవరు, ఎప్పుడు అన్నారో రాయి. అది తెలియకపోతే ఆ వాక్యమే వద్దు.

మా ఊరి పేరు మీద నేనూ ఒకప్పుడు రాశాను. పాత దస్తావేజులు తిరగేసి రాసిందంతా ఆదివారం అనుబంధం ఎడిటరు కొట్టేసి, సీతమ్మ చీర ఆరేసుకున్న కథ ఒక్కటే ఉంచాడు. "జనం చదవొద్దూ?" అన్నాడు. ఆయన పోయాడు. ఆ కథ మాత్రం మా గుడి గోడమీద రంగుల్లో ఉంది. ఇప్పటి ఎడిటర్లు "ఆసక్తికర విశేషాలు" అంటున్నారు. అదే రోగం.

జేకబ్ పియాట్ డన్ అనే ఇండియానా చరిత్రకారుడు 1907లో ఈ పేరు మీద ఒక పుస్తకమే వేశాడు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కొండమనుషుల్ని, మోటువాళ్లని హూజియర్ అనేవారని చూపించాడు. ఇంగ్లండులోని కంబర్లాండ్ యాసలో "హూజర్" అంటే బాగా పెద్దదని, మూలం అదేనన్నాడు. అదీ అందరూ ఒప్పుకున్నది కాదు.

అసలు సంగతి తిట్టు బిరుదు కావడం. 1833 జనవరి 1న ఇండియానాపొలిస్ జర్నల్ అనే అక్కడి పత్రికలో జాన్ ఫిన్లీ అనే కవి పద్యం వచ్చింది. అందులో ఒక దుంగల గుడిసె, మాసిన మొహాలతో, ఉత్తకాళ్లతో అరడజను మంది పిల్లలు, చేతుల్లో రేకు కప్పులు, జావ, పాలు. వెక్కిరించే పేరుని ఆయన ముద్దుగా రాశాడు, జనం సొంతం చేసుకున్నారు. 2017లో అమెరికా ప్రభుత్వ ముద్రణాలయం కూడా పాత పేరు మానేసి ఇండియానా వాళ్లను హూజియర్ అనే రాయడం మొదలుపెట్టింది. మిజోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరంలో మాత్రం ఈనాటికీ అది తిట్టే.

నువ్వు అక్కడి పెట్రోలు బంకులో ఆ తిట్టు చెవులారా విన్నావు, అదీ కాలేజీ పేరున్న హూజియర్ టీషర్టు వేసుకుని! దాన్ని చివర్లో ఒక్క వాక్యంలో తోసేశావు. నన్ను కదిలించింది అదొక్కటే. ఎవరు ఎవర్ని అన్నారు? నిన్ను చూసి ఆగారా? అది రాయి.

పుస్తకం ఎప్పుడు వేయాలి, ముందుమాట ఎవరినడగాలి అన్నవి తర్వాత. తిరగరాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు తల్లీ, చదవలేకపోతున్నాను.