సమాధానం: ‘మారుమోగింది’ అని రాయొచ్చా?

నినాదాలతో విశాఖ ఆర్కే బీచ్ ‘మారుమోగింది’ అని మీ కాలేజీ పత్రికలో రాస్తే, అది తప్పు, ‘మారుమ్రోగింది’ అనాలని దిద్దారన్నారు కదండీ. టెన్షన్ పడకండి, రెండూ సరైనవే. క్రొత్త కొత్తయినట్టే, ప్రొద్దు పొద్దయినట్టే మ్రోగు మోగు అయింది. ఇప్పటి వచనంలో ‘మారుమ్రోగింది’ కాస్త బరువుగా ఉంటుందని నా అభిప్రాయం.

ఇక ‘మారు’ సంగతి. పాత పుస్తకాల్లో ఇది బండి ఱ తో ‘మాఱు’ అని కనిపిస్తుంది. బదులు, రెండోది, తిరిగి వచ్చేది అని అర్థాలు. మారుపేరు, మారువేషం, మారుమాట అన్నిట్లోనూ ఉన్నది అదే. కాబట్టి మారుమోగడమంటే మోతకి బదులుగా మళ్లీ మోత పుట్టడం. కన్నడంలోనూ ప్రతిధ్వనిని ‘మార్దని’ అంటారు, ఆ ‘మార్’ మన చుట్టమే. సంస్కృతం నుంచి వచ్చిన ‘ప్రతిధ్వని’లో ‘ప్రతి’ చేసే పని కూడా ఇదే.

వాడుకలో మాత్రం తేడా ఉంది. ఓడ హారన్ యారాడ కొండకి తగిలి, కాసేపాగి విడిగా వినిపిస్తే అది ప్రతిధ్వని. అలా విడిగా వినబడాలంటే అడ్డు కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. అంత దూరం శబ్దం వెళ్లి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది, రెండు మోతలు చెవికి విడిగా తెలియాలంటే ఆమాత్రం ఎడం కావాలి. చోటంతా మోతతో నిండిపోతే మారుమోగడం. ఎదురుగా సముద్రమే ఉన్న బీచ్‌లో నినాదాలు తిరిగి రావు గానీ, మీ వాక్యానికి ‘మారుమోగింది’ చక్కగా సరిపోతుంది. దాన్ని ‘ప్రతిధ్వనించింది’ అని మార్చకండి.