భుజం నొప్పికి రైఫిల్ మార్చాలా?

ప్రశ్న: నా వయసు 47. డాలస్ దగ్గర ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్ళుగా వారాంతాల్లో రైఫిల్‌తో టార్గెట్ షూటింగ్ చేస్తున్నాను. .308 కేలిబర్ (తూటా సైజు) వాడతాను, తూటాలు గ్యారేజీలో నేనే లోడ్ చేసుకుంటాను. నాలుగు నెలలుగా కుడి భుజం నొప్పి. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేను, చొక్కా తొడుక్కోవడం కూడా కష్టంగా ఉంది. పొద్దున రెండు అడ్విల్ (ఐబుప్రోఫెన్), రాత్రి ఇండియా నుంచి తెచ్చుకున్న ఎసిక్లోఫెనాక్ ఒకటి వేసుకుంటూ నెట్టుకొస్తున్నాను. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడతాను. ఈమధ్య తలనొప్పి, మలబద్ధకం కూడా ఉన్నాయి. ఆఫీసు టెన్షన్ అనుకుంటున్నాను. తక్కువగా తన్నే (పేల్చినప్పుడు భుజాన్ని వెనక్కి కొట్టే) కేలిబర్‌కు మారితే భుజం బాగుపడుతుందా? .223, .243, 6.5 క్రీడ్‌మూర్‌లలో ఏది మంచిది? రీలోడింగ్‌కు (వాడేసిన తూటా గుల్లల్లో మళ్ళీ మందు, గుండు నింపడానికి) అనువుగా ఉండాలి. మా పాపకు రెండున్నరేళ్ళు, గ్యారేజీలో నా వెంటే తిరుగుతుంది కాబట్టి పెద్ద సెటప్ పెట్టలేను.

జవాబు: ముందు మీరడిగింది చెప్పేస్తాను, తర్వాత నాకు దిగులు పుట్టించిన సంగతికి వస్తాను.

తుపాకుల్లో నా అనుభవం కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పేల్చిన పాయింట్ టూటూ రైఫిల్ దగ్గరే ఆగిపోయింది. కానీ తన్ను లెక్క ఇంటర్ ఫిజిక్సే. గుండు, దాని వెనక మండే మందు ఎంత బరువుంటే, ఎంత వేగంగా బయటికి పోతే, తుపాకీ అంత గట్టిగా వెనక్కి వస్తుంది. తుపాకీ బరువైతే దెబ్బ మెత్తబడుతుంది. మూడున్నర కిలోల రైఫిల్‌లో .308 తన్ను సుమారుగా 17, 18 అడుగు-పౌండ్లు ఉంటుంది. 6.5 క్రీడ్‌మూర్‌ది 12, 13. .243 ది 9, 10. .223 ది మూడో నాలుగో. రెండు మూడు వందల గజాల్లో కాగితం మీద చిల్లులు పెట్టడమే మీ సరదా అయితే .223 చాలు, దాని కేసులు (తూటా గుల్లలు), గుండ్లు ఎక్కడైనా దొరుకుతాయి. దూరం బాగా పెరిగితే గాలి తట్టుకోవడానికి 6.5 మేలని, .243 కు గొట్టం తొందరగా అరుగుతుందని అక్కడే ఉంటున్న నా క్లాస్‌మేట్ చెప్పాడు. వాడు ఆర్థోపెడిక్ సర్జన్, వేటగాడు కూడా. నాకన్నా వాడి మాట నమ్మవచ్చు.

ఒకటి మాత్రం నా పరిధిలోది. తన్ను తగ్గుతుందని గొట్టం కొసకు మజిల్ బ్రేక్ బిగించేవాళ్ళుంటారు. భుజానికి సుఖమే, ఆ మోత మాత్రం మీ చెవుల వైపు, పక్క లేన్‌లో ఉన్నవాడి చెవుల వైపు తిరుగుతుంది. హఠాత్తుగా వచ్చే శబ్దం 140 డెసిబెల్స్ దాటితే లోపలి చెవికి ప్రమాదం. పెద్ద రైఫిల్ మోత 150 పైమాటే. చెవిలో ప్లగ్, దాని మీద మఫ్, రెండూ ఉండాలి.

ఇక భుజం. తుపాకీ బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) కొట్టుకుని కమిలిన నొప్పి అయితే పది పదిహేను రోజులు విశ్రాంతి ఇస్తే చాలావరకు తగ్గాలి. మీది నాలుగు నెలల నొప్పి. ఆ పక్కకు పడుకోలేకపోవడం, చొక్కా తొడుక్కోలేకపోవడం, పైగా షుగర్. ఈ మూడూ కలిస్తే నాకు ముందు తట్టేది ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోవడం. షుగర్ ఉన్నవాళ్ళలో ఇది మామూలు జనంలోకన్నా బాగా ఎక్కువ, తుపాకీ ముఖం చూడనివాళ్ళకూ వస్తుంది. మోచేతిని ఒంటికి ఆనించి ముంజేతిని బయటివైపు తిప్పి చూడండి. ఇంకొకరు పట్టుకుని తిప్పినా తిరగకపోతే అనుమానం బలపడుతుంది. తిప్పితే తిరుగుతుంది కానీ మీరు ఎత్తబోతే బలం చాలడం లేదంటే కండరం చిరిగి ఉండవచ్చు. చెయ్యి తిమ్మిరెక్కుతోందంటే మెడ దగ్గర నరమేమో చూడాలి, బట్ ఒత్తిడికి భుజం దగ్గర నరాలు దెబ్బతినడమూ ఉంది. మిమ్మల్ని చూడకుండా, చెయ్యి పట్టి కదిలించకుండా రాస్తున్నాను కాబట్టి ఇదే జబ్బని తేల్చి చెప్పలేను. నడిస్తేనో మెట్లెక్కితేనో ఈ నొప్పి వస్తోందంటే, చెమటలు పోస్తున్నాయంటే ఈ జవాబు పక్కన పెట్టి ఎమర్జెన్సీకి వెళ్ళండి. షుగర్ ఉన్నవారిలో గుండె నొప్పి ఏ వేషంలోనైనా రావచ్చు.

నాలుగు నెలలు ఎందుకు ఆగారో ఊహించగలను. మాత్రలు ఆగనిచ్చాయి. అసలు మీకు రాయాలని కూర్చున్నది దీని గురించే.

మీరు తూటాలో పోసే మందును గ్రెయిన్‌లో పదో వంతు వరకు తూచి పోస్తారు కదా. ఒంట్లోకి వెళ్ళే మందు దగ్గరికొచ్చేసరికి తక్కెడ ఏమైంది? ఆ గ్రెయిన్ ఒకప్పుడు మా వైద్యులదీ కొలతే. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. అమెరికాలో ఆస్పిరిన్ మాత్ర 325 మిల్లీగ్రాములు ఉండడానికి కారణం అదే, పాత లెక్కలో అది 5 గ్రెయిన్లు. రీలోడింగ్ మాన్యువల్‌లో ఒక తూటాకు ఇంత మందు అని రాసి ఉంటే మీరు దాటరు. సొంతంగా తగ్గించడం కూడా కొన్ని తుపాకీ మందుల్లో ప్రమాదమేనని మీకే బాగా తెలుసు. అడ్విల్ డబ్బా మీద కూడా అలాగే రాసి ఉంది: డాక్టరు చెప్పకుండా రోజుకు ఆరు మాత్రలకు మించకూడదు, నొప్పికి పది రోజులకు మించి వాడకూడదు. మీరు పొద్దున రెండే కదా అనుకుంటున్నారు. రాత్రి వేసుకునే ఎసిక్లోఫెనాక్ కూడా ఆ కుటుంబానిదే. పేరు వేరు, పని ఒకటే. రెండూ కలిపి నాలుగు నెలలు!

మామూలు మనిషికైతే కడుపులో పుండు పడుతుందేమోనన్న భయం. మీ విషయంలో నా భయం కిడ్నీలకు. టెల్మిసార్టాన్ ఒకటి, ఒంట్లో నీరు తీసే హైడ్రోక్లోరోథయాజైడ్ ఇంకొకటి, వాటి పైన ఈ నొప్పి మాత్రలు. మూడూ మూడు వైపుల నుంచి కిడ్నీకి వెళ్ళే రక్తం మీద పడతాయి. దానికి తోడు టెక్సాస్ ఎండలో, రేంజ్‌లో నీళ్ళు తాగకుండా సగం పూట నిలబడితే చెప్పేదేముంది. కిడ్నీ పని తగ్గితే మెట్‌ఫార్మిన్ మోతాదు కూడా మార్చాల్సి వస్తుంది. ఈ నొప్పి మాత్రలు బీపీని కూడా పెంచుతాయి. తలనొప్పి ఆఫీసుదో బీపీదో ఇంట్లో మెషీన్ పెట్టి చూసుకోండి. మలం నల్లగా తారులా వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి.

మా ఓపీలోనూ రోజూ చూసేదే ఇది. మెడికల్ షాపువాడు ఇచ్చాడనో, వదినగారికి పనిచేసిందనో వేసుకుంటూ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) మూడు దాటాక వస్తారు. మీరు చదువుకున్నవారు, సూట్‌కేసులో స్ట్రిప్పులు మోసుకెళ్ళారు. అంతే తేడా. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం ఇది చదివి మీ అంతట మీరు ఆపకండి. నొప్పి మాత్రలు రెండూ ఆపి, డాక్టరును కలిసేలోపు అవసరమైతే పారాసిటమాల్ వేసుకోవచ్చు. అక్కడ దాన్ని టైలెనాల్ అంటారు. కాలేయం బాగుండి, మందు అలవాటు లేకుంటేనే సుమా. ఈసారి నేనన్న మందు సీసాలోది.

మీరు టెన్షన్ అని తోసేసిన తలనొప్పి, మలబద్ధకం దగ్గర నాకు ఇంకో అనుమానం ఉంది. సీసం. తూటా గుండులో సీసం, తూటా అడుగున నిప్పు రగిలించే ప్రైమర్‌లో సీసం సమ్మేళనం. పేలిన ప్రతిసారీ పొగలో కొంత వస్తుంది, ఖాళీ కేసుల లోపల కొంత అంటుకుంటుంది. ఆ కేసులను పొడి టంబ్లర్ అనే మెరుగు పెట్టే యంత్రంలో వేసి, మూత తీసి జల్లెడ పట్టేటప్పుడు లేచే సన్నటి దుమ్ము మీ వేళ్ళకు, బట్టలకు, గ్యారేజీ నేలకు పడుతుంది. గుండ్లు ఇంట్లోనే కరిగించి పోస్తుంటే మరీ కష్టం. మలబద్ధకం, కడుపునొప్పి, తలనొప్పి, చిరాకు, బీపీ పెరగడం, అన్నీ సీసం చేయగల పనులే. మీకు అదే అయిందని అనడం లేదు. రక్తంలో సీసం పరీక్ష చిన్నది, చేయిస్తే తేలిపోతుంది. ఎవరైనా పంపిన భస్మాలు, లేహ్యాలు వాడుతుంటే అదీ చెప్పండి. నాగభస్మం అంటేనే సీసం.

పెద్దవాళ్ళకన్నా పిల్లల మాట ముఖ్యం. పాప గ్యారేజీలో మీ వెంట తిరుగుతుందని ఏదో ముద్దు సంగతిలా రాశారు. రెండున్నరేళ్ళ పిల్ల నేల మీద చెయ్యి పెడుతుంది, ఆ చెయ్యి నోట్లో పెడుతుంది. పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు వస్తేనే పట్టించుకోవాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో గీత కిందికి దించింది. ఆ లోపైతే పూర్తి క్షేమమని కూడా అర్థం కాదు. మెదడు ఎదిగే వయసు అది. పాపకూ ఈ పరీక్ష చేయించండి. ఇవాళ్టి నుంచి పాపకు గ్యారేజీ బంద్. నేలను చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. కేసులను నీళ్ళలో కడిగే పద్ధతికి మారండి. అక్కడ తినడం, టీ తాగడం వద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగి, బట్టలు మార్చుకుని పాపను ఎత్తుకోండి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. కేలిబర్ .223 అయినా .308 అయినా ఈ దుమ్ములో తేడా లేదు. తన్ను తక్కువని రోజుకు నలభై తూటాల బదులు రెండొందలు పేలిస్తే దుమ్మే పెరుగుతుంది.

మన దగ్గర షూటింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో తన్ను లేనట్టే. కానీ అందులో వాడే చిన్న గుండ్లు, పెల్లెట్లు, మామూలుగా సీసంవే, ప్రాక్టీసు అయ్యాక చేతులు కడుక్కోవాల్సిందే. తూటాలు ఇంట్లో తయారుచేసుకునే సరదా మాత్రం ఇక్కడ ఎవరికీ వద్దు, లైసెన్సు లేకుండా అది 1959 ఆయుధాల చట్టం కింద నేరం. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అది ఉన్న వైపు భుజానికి బట్ ఆనించే ముందు కార్డియాలజిస్టును అడగాలి, తన్నుకు లోపలి వైరు దెబ్బతినవచ్చు.

ఈ వారంలోనే మీ డాక్టరును కలవండి. క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), రక్తంలో సీసం పరీక్షలు అడగండి. భుజం చూపించి ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుసుకోండి. కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే భయపడనక్కర్లేదు, కొన్ని రోజులు షుగర్ పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి. అందాకా .308 పెట్టెలోనే ఉండనివ్వండి. మీరు తూటాలు లోడ్ చేస్తారన్న సంగతి మీరు చెబితే తప్ప ఏ డాక్టరుకూ తట్టదు, నోరు తెరిచి చెప్పండి. ఆ ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్ కూడా జేబులో పెట్టుకుని వెళ్ళండి. అమెరికాలో ఆమోదం పొందిన మందు కాదు కాబట్టి పేరు చెబితే అక్కడివాళ్ళకు వెంటనే తెలియకపోవచ్చు.